“కాదు”కి, “కదా”కి మధ్య: మన పాఠాలకు క్యాప్షన్లు సరిగ్గా పెట్టడం ఎలా?

పోయిన వారం వీడియో చివర్లో ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను: “మన సాంఖ్యయోగం కోర్సు పద్నాలుగు పాఠాలకీ క్యాప్షన్లు మళ్ళీ మొదటి నుంచి రాశాం” అని. ఎందుకు రాశారక్కా, ఎలా రాశారు, మేం కూడా మా కాలేజీ వీడియోలకు చేసుకోవచ్చా అని చాలామంది అడిగారు. వీడియోలో చెప్పేంత చిన్న విషయం కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. ముందు అది చెప్పేస్తాను.

మొదలు ఎక్కడంటే

భగవద్గీత రెండో అధ్యాయంలో 72 శ్లోకాలున్నాయి. వాటిని పద్నాలుగు పాఠాలుగా చెప్పుకున్నాం. ప్రతి పాఠం తర్వాత ఓ చిన్న పరీక్ష. మార్కుల కోసం కాదు, ఎంతవరకు అర్థమైందో మీకు మీరే చూసుకోవడానికి. జవాబులు నేనే దిద్దుతాను.

నాలుగో పాఠం పరీక్షలో ఒక ప్రశ్న: “శరీరానికీ ఆత్మకూ సంబంధం ఏమిటి? మీ మాటల్లో రాయండి.” డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి పేజీ నిండా రాసింది. చక్కటి తెలుగు, పొందికైన వాక్యాలు. కానీ అసలు విషయం తలకిందులు. “ఆత్మ అంటే ఈ శరీరమే కాబట్టి శరీరాన్ని కాపాడుకోవడమే మొదటి ధర్మం” అని రాసింది. పాఠం మొత్తం దానికి వ్యతిరేకంగా చెప్పాను కదా, ఇలా ఎలా రాసింది అనుకున్నాను. ఆ రాత్రి ఇంకా నలభై పేపర్లున్నాయి. కింద ఒక వాక్యం రాసి పంపేశాను: “పాఠం సరిగ్గా విన్నట్టు లేవు తల్లీ. ఇంకోసారి శ్రద్ధగా విను.”

మర్నాడు జవాబొచ్చింది. “అక్కా, మీరన్నది నిజమే. నేను వినలేదు. నాకు చిన్నప్పటి నుంచి వినపడదు. క్యాప్షన్లు చదివాను. నాలుగుసార్లు చదివాను. మీ వీడియోలో అలాగే ఉంది.” కింద ఒక స్క్రీన్‌షాట్. అందులో నేను నోరు తెరుచుకుని ఉన్నాను, కింద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: “ఆత్మ అంటే ఈ శరీరం కదా.”

నేనన్నది “ఆత్మ అంటే ఈ శరీరం కాదు.”

ఆ క్యాప్షన్లు ఒక సాఫ్ట్‌వేర్ రాసినవి. మేం ఆడియో ఇచ్చాం, అది ఫైల్ ఇచ్చింది, మేం ఎక్కించేశాం. ఎవరం చదవలేదు. కోర్సు పేజీలో మాత్రం “తెలుగు క్యాప్షన్లతో” అని గొప్పగా రాసుకున్నాం. ఆ మాట చూసే ఆ అమ్మాయి చేరింది.

ఆ రోజు పద్నాలుగు పాఠాలూ సౌండ్ తీసేసి, చదువుతూ చూశాను. ఇంకొకటి చెబితే మీకు నవ్వొస్తుందేమో, నాకు మాత్రం చెమట పట్టింది. మూడో పాఠంలో మాటల మధ్య “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు” అనే సామెత వాడాను. ఆ పాఠంలో సాఫ్ట్‌వేర్ ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా రాసిన వాక్యం అదొక్కటే.

క్యాప్షన్ అంటే ఏమిటి?

సబ్‌టైటిల్‌కీ క్యాప్షన్‌కీ తేడా ఉందండి. మనం కొరియన్ సిరీస్ చూస్తూ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటాం. అక్కడ మనకు శబ్దం వినిపిస్తుంది, భాష తెలియదు. అందుకని మాటల అర్థం రాస్తే సరిపోతుంది. క్యాప్షన్ రాసేటప్పుడు, చూసేవారికి అసలు శబ్దమే అందదు అనుకుని రాయాలి. మాటలతో పాటు ఎవరు మాట్లాడుతున్నారు, వెనక గంట మోగిందా, ఎవరైనా నవ్వారా, సంగీతం మొదలైందా అన్నీ అక్షరాల్లోకి రావాలి.

అందులో మళ్ళీ రెండు రకాలు. బొమ్మ మీదే ముద్రించేసి, తీసేయడానికి వీల్లేకుండా ఉండేవి ఓపెన్ క్యాప్షన్లు. విడిగా ఒక ఫైల్‌గా ఉండి, కావాలంటే పెట్టుకుని వద్దంటే తీసేయగలిగేవి క్లోజ్డ్ క్యాప్షన్లు. కోర్సు వీడియోలకు రెండోవే మేలు. చూసేవాళ్ళు అక్షరాల సైజు పెంచుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు. తప్పు దొరికితే మనం వీడియో ముట్టుకోకుండా ఫైల్ ఒక్కటే దిద్దుకోవచ్చు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో 1972లోనే బోస్టన్‌లోని ఒక ప్రభుత్వేతర టీవీ స్టేషన్ జూలియా చైల్డ్ వంటల కార్యక్రమాన్ని ఓపెన్ క్యాప్షన్లతో ప్రసారం చేసింది. 1980లో అక్కడి టీవీల్లో క్లోజ్డ్ క్యాప్షన్లు మొదలయ్యాయి. యూట్యూబ్‌లో యంత్రం తనంతట తానే రాసే క్యాప్షన్లు 2009లో వచ్చాయి. ఆ పనిలో ముఖ్యపాత్ర కెన్ హారెన్‌స్టీన్ అనే గూగుల్ ఇంజినీరుది. ఆయనకూ వినపడదు.

మన దేశంలో దీనికి ఇంకో కోణం ఉంది. 1990ల్లో బ్రిజ్ కొఠారి అహ్మదాబాద్ ఐఐఎంలో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. టీవీలో వచ్చే సినిమా పాటల కింద అదే భాషలో సాహిత్యం చూపిస్తే, అక్షరాలు కొంచెం కొంచెం వచ్చినవాళ్ళకు చదవడం అలవాటవుతుందన్నది ఆయన ఆలోచన. దూరదర్శన్ చిత్రహార్‌లో అలా పాటలు వేశారు. అంటే వినగలిగినవాళ్ళకు చదువు నేర్పడానికి కూడా ఇదే పరికరం పనికొచ్చింది.

నూటికి 95 వస్తే చాలదా?

మా ఎడిటర్ తమ్ముడు మొదట అన్న మాట ఇది. “అక్కా, నూటికి 95 మాటలు కరెక్టే రాస్తోంది కదా. డిస్టింక్షన్ మార్కులు!”

లెక్క వేద్దాం. నేను నిమిషానికి సుమారు 100 మాటలు మాట్లాడతాను. ఇరవై నిమిషాల పాఠమంటే 2,000 మాటలు. అందులో నూటికి 5 తప్పంటే 100 తప్పులు. ప్రతి నిమిషానికి ఐదు. నూటికి 99 వచ్చినా 20 తప్పులు మిగులుతాయి. ఆ ఇరవైలో “మరి”, “అయితే” లాంటి మాటలు పోతే నష్టం లేదు. “కాదు” ఒక్కటి పోతే పాఠమే పోతుంది. కాబట్టి ఎన్ని తప్పులు అన్న లెక్కతో పాటు ఏ మాటలు తప్పాయి అని కూడా చూడాలి.

మన పెద్దవాళ్ళు చెప్పే వృత్రాసురుడి కథ గుర్తుందా? ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట యజ్ఞం చేశాడు. “ఇంద్రశత్రు” అన్న మాటలో స్వరం ఒక్కటి తప్పు పడింది. ఇంద్రుణ్ణి చంపేవాడు కాస్తా ఇంద్రుడి చేతిలో చచ్చేవాడయ్యాడు. అక్షరం మారలేదు, స్వరమే మారింది. ఉచ్చారణ మీద అంత పట్టింపు ఉన్న సంప్రదాయం మనది. రాతలో “కాదు”ని “కదా” చేసి వదిలేశాను నేను.

తెలుగులో “కాదు” ఎక్కడ ఉంటుంది?

తప్పులన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటూ వెళ్ళాక ఒక సంగతి అర్థమైంది. యంత్రం ఎక్కడ పడితే అక్కడ తప్పు చేయడం లేదు. దానికి కొన్ని చోట్లున్నాయి.

మొదటిది వాక్యం చివర. తెలుగులో కాదన్న మాట ఎప్పుడూ చివర్లోనే వస్తుంది: కాదు, లేదు, వద్దు, చేయకు, చేయలేదు. మాట్లాడేటప్పుడు మన గొంతు సరిగ్గా అక్కడే తగ్గుతుంది. పాఠం చెప్పేవాళ్ళు వాక్యం చివర్లో ఊపిరి వదిలేస్తారు, పేజీ తిప్పుతారు, తల పక్కకు తిప్పుతారు. దాంతో “కాదు” కాస్తా “కదా” అవుతుంది, “లేదు” కాస్తా “లేదా” అవుతుంది, “ఆశించకు” అన్నది “ఆశించు” అవుతుంది.

రెండోది సంస్కృత పదాల మొదట. అక్కడ కాదన్న అర్థం ముందొచ్చే “అ”లో, “అన”లో, “నిః”లో ఉంటుంది. “అనాసక్తి” అంటే యంత్రం “ఆసక్తి” అని రాసింది. “అవిద్య” కాస్తా “విద్య” అయింది. “నిష్కామ కర్మ” మూడు చోట్ల “నిష్క్రమ కర్మ” అయింది. “స్థితప్రజ్ఞుడు” అయితే “స్థితి ప్రజలు” అయ్యాడు. ఇది చూసి మా టీమ్ అంతా నవ్వారు. ఆ పాఠం మీద ఆధారపడి చదువుకునే మనిషికి అందులో నవ్వుకోవడానికేమీ లేదు.

అంటే మన పాఠాల్లో తెలుగు “కాదు” చివర్న ఉంది, సంస్కృతం “కాదు” మొదట్లో ఉంది. గీత రెండో అధ్యాయం నిండా చెప్పేది ఏది కాదో, ఏది చేయకూడదో. యంత్రం మింగేసింది సరిగ్గా వాటినే.

మూడోది పేర్లు, అంకెలు, ఇంగ్లీషు మాటలు. “రెండో అధ్యాయం” అన్నది “రెండు అధ్యాయాలు” అవ్వచ్చు. మధ్యలో “ఫోకస్” అంటే అది ఇంకేదో తెలుగు మాట అవుతుంది. ఇవి దిద్దడం తేలికే, చదివితే కంటికి కనిపిస్తాయి. “కదా” మాత్రం కనిపించదు. వాక్యం చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. అందుకే అది ప్రమాదం.

తీసేద్దామా, దిద్దుదామా?

ఆ వారం మా మధ్య పెద్ద చర్చే జరిగింది. పద్నాలుగు పాఠాలు దిద్దాలంటే నెలలు పడుతుంది, కొత్త వీడియోలు ఆగిపోతాయి. “పాత కోర్సు తీసేద్దాం, కొత్తది బాగా చేద్దాం” అన్నారు ఒకరు. “క్యాప్షన్లు తీసేద్దాం, తప్పు ఉండడం కంటే లేకపోవడం నయం” అన్నారు ఇంకొకరు.

ఇలాంటి సందర్భం పెద్ద విశ్వవిద్యాలయాలకే వచ్చింది. అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి తన పాఠాలను ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. వినపడనివాళ్ళకు అవి అందడం లేదని ఫిర్యాదు వెళ్ళింది. 2016లో అక్కడి న్యాయశాఖ ఫిర్యాదు నిజమేనని చెప్పింది. 2017లో విశ్వవిద్యాలయం ఇరవై వేలకు పైగా పాత వీడియో, ఆడియో పాఠాలను బయటివాళ్ళకు కనపడకుండా చేసేసింది. క్యాప్షన్లు పెట్టే ఖర్చు భరించలేక ఆ దారి పట్టింది. చాలామంది ఫిర్యాదు చేసినవాళ్ళ మీదే కోప్పడ్డారు, వీళ్ళ వల్ల అందరికీ పోయిందని. చివరికి 2022లో తన ఆన్‌లైన్ పాఠాలను అందరికీ అందేలా చేస్తానని విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకుంది. హార్వర్డ్, ఎంఐటీల మీద అక్కడి బధిరుల జాతీయ సంఘం 2015లో కేసు వేసింది. హార్వర్డ్ 2019లో, ఎంఐటీ 2020లో తమ ఆన్‌లైన్ వీడియోలకు సరైన క్యాప్షన్లు ఇస్తామని రాజీకి వచ్చాయి. ఆ కేసులో యంత్రం రాసిన తప్పుల క్యాప్షన్ల మాట కూడా ఉంది.

మన దేశంలోనూ చట్టం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 42వ సెక్షన్ ఆడియో, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని విషయం అందరికీ అందే రూపంలో ఉండేలా చూడాలంటుంది. ధ్వని వివరణ, సంజ్ఞాభాష, క్లోజ్డ్ క్యాప్షన్లు అని పేర్లతో సహా చెబుతుంది. 2011 జనగణన ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైనే. వెబ్‌కి ప్రపంచమంతా పాటించే ప్రమాణాల్లో రికార్డు చేసిన వీడియోకి క్యాప్షన్ ఉండాలన్నది అన్నిటికంటే కింది మెట్టులోనే ఉంటుంది. అంటే అది పైన పెట్టుకునే అలంకారం కాదు, పునాది.

చట్టం మాట అలా ఉంచండి. నేను ఆ అమ్మాయికే రాసి అడిగాను: “తీసేయమంటావా, దిద్దమంటావా?” ఆమె జవాబు రెండు లైన్లు. “తీసేస్తే నా వల్లే అందరికీ పోయినట్టుంటుంది అక్కా. దిద్దండి, కావాలంటే నేను చదివి పెడతాను.”

దిద్దాం. తొమ్మిది వారాలు పట్టింది.

ఎలా చేయాలి? ఆరు మెట్లు

మీరు కాలేజీ ప్రాజెక్టుకో, కోడింగ్ పాఠానికో, మీ బామ్మగారి వంటల వీడియోకో చేసుకున్నా పద్ధతి ఇదే.

ఒకటి, స్క్రిప్టు ఉంటే దాంతో మొదలుపెట్టండి. రాసుకున్న పాఠం ఉంటే యంత్రం అవసరమే తక్కువ. ఒక జాగ్రత్త: స్క్రిప్టు డీటీపీలో అను ఫాంట్లతో టైప్ చేసినదైతే క్యాప్షన్‌లో పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో ఉండాలి. ఫైల్ సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి.

రెండు, స్క్రిప్టు లేకపోతే యంత్రం చేత చిత్తుప్రతి రాయించుకోండి. తప్పేం లేదు, టైపింగ్ మిగులుతుంది. కానీ దాని పేరు చిత్తుప్రతి. అక్కడితో ఆగకూడదు.

మూడు, వింటూ దిద్దండి. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. ఒకవైపు వీడియో, ఒకవైపు అక్షరాలు కనిపిస్తాయి. ఎస్ఆర్‌టీ ఫైల్‌లో ఒక్కో ముక్క ఇలా ఉంటుంది:

57
00:04:10,200 --> 00:04:13,600
ఆత్మ అంటే ఈ శరీరం కాదు.

పైన వరుస సంఖ్య, తర్వాత ఎప్పటి నుంచి ఎప్పటి వరకు కనిపించాలో ఆ సమయం, కింద మాట. ఇంతే. నోట్‌ప్యాడ్‌లో కూడా దిద్దుకోవచ్చు. నాకు ఇరవై నిమిషాల పాఠానికి మొదట్లో ఐదు గంటలు పట్టేది, అలవాటయ్యాక రెండున్నరకు వచ్చింది.

నాలుగు, ముక్కలు సరైన చోట విరవండి. ఒక్కసారికి రెండు లైన్లకు మించకూడదు. కనీసం ఒక సెకనైనా తెర మీద ఉండాలి, ఆరేడు సెకన్లు దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యం, క్రియను విడదీయకండి. “ఫలితం గురించి ఆలోచించాల్సిన అవసరం” అని ఒక ముక్కలోనూ, “లేదు” అని తర్వాతి ముక్కలోనూ వస్తే చదివేవాళ్ళు ఆ రెండు సెకన్లూ వ్యతిరేక అర్థంలో ఉంటారు. వాక్యం పెద్దదైతే మొదట్లో విరవండి, చివర మాత్రం కలిపి ఉంచండి.

ఐదు, సౌండ్ తీసేసి మొత్తం చూడండి. ఇది దాటవేయకండి. వింటూ చదివితే చెవి కంటిని మోసం చేస్తుంది. తప్పుగా రాసి ఉన్నా మనకు సరైన మాటే వినిపిస్తుంది కాబట్టి తప్పు కనపడదు. నేను “కదా” అన్న ముక్కను ఎడిటింగ్‌లో కనీసం రెండుసార్లు చూసి ఉంటాను.

ఆరు, పాఠం తెలియని ఇంకొకరి చేత చదివించండి. వాళ్ళు “ఇక్కడ అర్థం కాలేదు” అన్న చోట సగం సార్లు క్యాప్షన్ తప్పు ఉంటుంది. మిగతా సగం సార్లు నేను చెప్పిందే సరిగ్గా ఉండదు!

ఒక మాట. దిద్దమన్నాం కదా అని వాక్యాలను కుదించి, సులువు చేసి రాయకండి. వినేవాళ్ళకు ఒక పాఠం, చదివేవాళ్ళకు దాని సారాంశం ఇచ్చినట్టవుతుంది. “ఊఁ”, “అదే” లాంటి ఊతపదాలు తీసేయవచ్చు. చెప్పిన విషయం మాత్రం చెప్పినట్టే ఉండాలి.

శ్లోకం, శంఖం, మౌనం

మనలాంటి పాఠాలకు కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. వీటిలో చాలావరకు ఆ అమ్మాయి చదివి పట్టుకున్నవే.

శ్లోకం వచ్చిన ప్రతిచోటా పాత ఫైల్‌లో [సంగీతం] అని ఉంది. యంత్రానికి పఠనం పాటలా వినిపించింది. శ్లోకం మీద కోర్సు చెబుతూ శ్లోకాన్నే దాచేశామన్నమాట. ఇప్పుడు ప్రతి శ్లోకం పూర్తిగా, పాదం పాదంగా విరిచి రాస్తున్నాం. అంతేకాదు, స్లైడ్‌లో శ్లోకం తెర కింది భాగంలో ఉంటే క్యాప్షన్ వచ్చి దాని మీదే కూర్చుంటుంది. అందుకని కొత్త స్లైడ్లలో కింది ఐదో వంతు ఖాళీగా వదులుతున్నాం.

శబ్దాలకు చిన్న మాటలు చాలు: [శంఖనాదం], [గుడిగంట], [బయట వర్షం]. అర్థానికి పనికొచ్చేవి మాత్రమే రాయండి. నా కుర్చీ కిర్రుమన్న ప్రతిసారీ అక్కర్లేదు. ఇద్దరు మాట్లాడుతుంటే పేరు పెట్టండి. శిష్యుడి సందేహం గురువు మాటగా చదివితే మళ్ళీ అర్థం తిరగబడుతుంది.

నేను కలలో కూడా ఊహించని సంగతి ధ్యానం. ప్రతి పాఠం చివర “కళ్ళు మూసుకోండి” అని చెప్పి, తర్వాత మూడు నిమిషాలు మెల్లగా సూచనలిస్తాను. ఆమె రాసింది: “కళ్ళు మూసుకుంటే మీరేం చెబుతున్నారో తెలియదు. తెరిచి చదివితే ధ్యానం కాదు. ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియదు. అందుకే ఆ భాగం ఎప్పుడూ చేయలేదు.” ఎంత మంచి క్యాప్షన్ రాసినా ఇది తీరదు. పాఠమే మార్చాలి. ఇప్పుడు సూచనలన్నీ ముందే చెప్పేస్తున్నాను. ఫోన్‌లో వైబ్రేషన్‌తో మూడు నిమిషాల టైమర్ పెట్టుకోమంటున్నాను. తర్వాత తెర మీద [మూడు నిమిషాలు మౌనం] అని ఉంటుంది. అది లేకపోతే వీడియో ఆగిపోయిందో, నేను మాట్లాడడం లేదో చూసేవాళ్ళకు తెలియదు కదా. వినగలిగినవాళ్ళు కూడా ఇలాగే బాగుందంటున్నారు. మధ్యలో నా గొంతు అడ్డు రావడం లేదట.

వ్యాసుడి షరతు

ఇదంతా చేస్తున్నప్పుడు నాకు పదే పదే ఒక కథ గుర్తొచ్చేది. వ్యాసుడు భారతం చెబుతానంటే రాయడానికి వినాయకుడు ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు: “నా గంటం ఆగకూడదు.” వ్యాసుడు తిరుగు షరతు పెట్టాడు: “అర్థం చేసుకోకుండా ఒక్క మాట కూడా రాయకూడదు.” అందుకే మధ్య మధ్య చిక్కు శ్లోకాలు పెట్టేవాడని, వినాయకుడు ఆలోచించేలోగా తర్వాతివి కూర్చుకునేవాడని చెబుతారు.

చిన్నప్పుడు ఇది ఇద్దరి తెలివితేటల కథ అనుకున్నాను. ఇప్పుడు వ్యాసుడి షరతే ఎక్కువ గుర్తుంటోంది. ఆగకుండా రాయడం మా సాఫ్ట్‌వేర్‌కి బాగా వచ్చు. అర్థమయ్యాకే రాయాలన్న రెండో షరతు దానికి ఎవరూ పెట్టలేదు. అది మా పని, మేం చేయలేదు.

ఇంకో సంగతి. గీత మనకు అందిందే ఒక చూపులేని మనిషికి చెప్పడం వల్ల. ధృతరాష్ట్రుడికి యుద్ధభూమి కనపడదు. సంజయుడు కూర్చుని, ఎవరు ఏమన్నారో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, అర్జునుడి చేయి ఎలా వణికిందో అన్నీ మాటల్లో చెప్పాడు. మొదటి శ్లోకం ధృతరాష్ట్రుడి ప్రశ్న, చివరి శ్లోకం సంజయుడి మాట. ఆ గ్రంథాన్ని పాఠంగా చెబుతూ, వినపడనివాళ్ళ సంగతి నాకు తట్టకపోవడం సిగ్గుపడాల్సిన విషయమే.

ఇంకా మిగిలింది

క్యాప్షన్లు పెట్టేశాం, అందరికీ అందిపోయింది అనుకోకండి. పుట్టుక నుంచి వినపడని చాలామందికి మొదటి భాష సంజ్ఞాభాష. తెలుగు వాళ్ళకు రెండో భాష. ఎంత సరిగ్గా రాసినా, వేగంగా మారే తెలుగు అక్షరాలు వాళ్ళకు శ్రమే. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. సంజ్ఞాభాషలో కనీసం ముఖ్యమైన పాఠాలైనా చేయాలన్నది మా తర్వాతి మెట్టు. చూపు లేనివారికి స్లైడ్‌లో ఏముందో నోటితో చెప్పడం ఇంకొకటి. “ఇక్కడ చూడండి, ఇది దీనికి వెళ్తుంది” అని చెప్పే అలవాటు నాకు ఇంకా పోలేదు.

ఆ అమ్మాయి నాలుగో పాఠం పరీక్ష మళ్ళీ రాసింది. ఈసారి నేను దిద్దాల్సింది ఏమీ లేదు. మొదటి పేపరు కింద నేను రాసిన వాక్యం మాత్రం మా రికార్డుల్లో అలాగే ఉంది. దాన్ని తీసేయలేదు. “పాఠం సరిగ్గా విన్నట్టు లేవు” అన్నది ఇప్పుడు నాకు నేను చెప్పుకునే మాట.

ఈ వారం అభ్యాసం

ఒకటి: మన కోర్సులో ఏదో ఒక పాఠం తీసుకుని, ఐదు నిమిషాలు సౌండ్ లేకుండా చదువుతూ చూడండి. అర్థం కాని చోట సమయం రాసుకుని మాకు పంపండి.

రెండు: మీరు చేసిన వీడియో ఏదైనా ఉంటే, అందులో “కాదు, లేదు, వద్దు, -కు” వచ్చిన చోట్లన్నీ వెతికి, క్యాప్షన్‌లో ఎలా పడ్డాయో చూడండి.

మూడు: మాట్లాడేటప్పుడు వాక్యం చివర గొంతు తగ్గించకుండా ఒక్క రోజు ప్రయత్నించండి. యంత్రానికే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళకూ తేడా తెలుస్తుంది.

ఈ పోస్టులో నా తప్పులు ఎక్కడైనా ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను. వచ్చే వారం స్థితప్రజ్ఞుడి లక్షణాల దగ్గర కలుద్దాం. ఈసారి ఆయన “స్థితి ప్రజలు” అవ్వడు, నాదీ హామీ.

శుభం.